గుర్రాన్ని టేపుతో తూచడం: 11,877 అనే అంకె కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక అంకె గురించి. పదకొండు వేల ఎనిమిది వందల డెబ్బై ఏడు. స్క్రీన్ మీద పెద్దగా పెట్టాను చూడండి: 11,877. ఇది పిన్ కోడ్ కాదు, ఓటీపీ కాదు. ఒక గుర్రం ప్రాణం మీదికి వచ్చినప్పుడు నేను మొదటిసారి విన్న అంకె. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే బ్రిటన్ పశువుల సంతలు, బెల్జియంలో ఒక ఖగోళ శాస్త్రవేత్త, మొరాకో గాడిదలు, చివరికి మీ ఫోన్‌లో ఉన్న బీఎంఐ యాప్ దాకా వెళ్లింది కథ. పదండి.

రాణి బరువెంత?

పోయిన ఏడాది ఎండాకాలం, లగ్గాల సీజన్. మా మేనమామ దగ్గర ఒక ఆడగుర్రం ఉంది, పేరు రాణి. తెల్లగా, కాస్త పొట్టిగా ఉంటుంది. బారాత్‌లకి తిప్పుతాడు. పెళ్లికొడుకుని ఎక్కించుకుని, బ్యాండ్ మోతలో, డీజే లైట్లలో కదలకుండా నిలబడే గుర్రం అంటే మామకి ఎంత విలువో మీరే ఊహించుకోండి. ఏడాది సంపాదనలో సగం ఆ మూడు నెలల్లోనే వస్తుంది.

సీజన్ మధ్యలో రాణి ముందుకాలు వాచింది. కుంటుతోంది. మామ తెలిసిన ఒకాయనకి ఫోన్ చేశాడు. అవతలి నుంచి మొదటి ప్రశ్న: "బరువెంత ఉంటది?"

మామ ఒకసారి గుర్రం వైపు చూశాడు. "నాలుగొందల కిలోలైతే ఉంటది సార్."

ఆ మాట మీదే నొప్పి మందు లెక్క కట్టారు. రోజూ వేశారు. అయిదో రోజుకి రాణి గడ్డి ముట్టడం మానేసింది. పళ్లు కొరుకుతోంది, పేడ పల్చగా పడుతోంది. అప్పుడు పశువుల డాక్టర్‌ని పిలిపించారు. కుర్ర డాక్టర్, దాదాపు నా వయసే. వచ్చీ రాగానే ఏమేం వేశారో అడిగాడు, ఎంత వేశారో అడిగాడు, ఆ తర్వాత మా అత్తని అడిగాడు, "అక్కా, కుట్టు మిషన్ టేపు ఉందా?"

ఛాతీ చుట్టూ తిప్పాడు: 148 సెంటీమీటర్లు. ముందు భుజం నుంచి వెనక పిర్ర దాకా పట్టాడు: 130. ఫోన్ తీసి క్యాలిక్యులేటర్‌లో కొట్టాడు. 148ని 148తో గుణించి, దాన్ని 130తో గుణించి, 11,877తో భాగించాడు.

"అన్నా, ఇది నాలుగొందలు కాదు. రెండొందల నలభై."

మామ ఏం మాట్లాడలేదు. అంటే రోజూ వేయాల్సిన దానికి ఒకటిన్నర రెట్లకి పైనే వేశారు. ఈ రకం నొప్పి మందులు మోతాదు మించితే గుర్రానికి కడుపులో, పేగుల్లో పుళ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మందు ఆపేశారు, వైద్యం మొదలైంది. రాణి తేరుకోవడానికి మూడు వారాలు పట్టింది. సీజన్ పోయింది. కానీ గుర్రం దక్కింది.

నేను డాక్టర్‌ని అడిగాను, "ఈ 11,877 ఎక్కడిది?" ఆయన నవ్వి, "కాలేజీలో నేర్చుకున్నం బ్రదర్, పని చేస్తది" అన్నాడు.

నేను కొన్నేళ్లు కోడ్ రాసినవాణ్ని. కోడ్ మధ్యలో ఎవరైనా ఇలాంటి అంకె పెట్టి, పక్కన ఒక్క ముక్క వివరణ కూడా రాయకపోతే, దాన్ని మేం మ్యాజిక్ నంబర్ అంటాం. రివ్యూలో మొదట పట్టుకునేది దాన్నే. "ఇది ఎవరు పెట్టారు? ఏ డేటా చూసి పెట్టారు? ఎక్కడ పనిచేయదు?" ఈ మూడు ప్రశ్నలూ ఈ అంకెని అడుగుదాం.

గుర్రం అంటే నీళ్ల డ్రమ్ము

ముందు లెక్క. తొమ్మిదో తరగతి లెక్కే, భయపడకండి.

గుర్రం తల, మెడ, కాళ్లు, తోక ఒక్క క్షణం మర్చిపోండి. మిగిలింది ఏంటి? అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము. స్థూపం. దాని చుట్టుకొలత, పొడవు తెలిస్తే ఘనపరిమాణం వస్తుంది: చుట్టుకొలత వర్గం ఇంటూ పొడవు, బై నాలుగు పై. జంతువు శరీరం సాంద్రత దాదాపు నీళ్లంత. అంటే వెయ్యి ఘన సెంటీమీటర్లు సుమారు ఒక కిలో. నాలుగు పై అంటే 12.566. వెయ్యితో గుణిస్తే 12,566.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. శుద్ధమైన జ్యామితి ఇచ్చేది 12,566. డాక్టర్ వాడింది 11,877. తేడా ఆరు శాతం కన్నా తక్కువే! భాగించే అంకె చిన్నదైతే జవాబు పెద్దదవుతుంది కదా. మనం మర్చిపోయిన తల, మెడ, కాళ్లు ఆ తేడాలోంచి తిరిగి లెక్కలోకి వస్తున్నాయి. రాణికి డ్రమ్ము లెక్క వేస్తే 227 కిలోలు, డాక్టర్ లెక్కలో 240.

నాకైతే ఇది చూసి నోట మాట రాలేదు. గుర్రాన్ని నీళ్ల డ్రమ్ము అనుకున్నా జవాబు దగ్గరికే వస్తోంది. అయితే ఆ చివరి ఆరు శాతం జ్యామితి పుస్తకంలో దొరకదు. దానికోసం ఎవరో ఒకరు నిజం గుర్రాలని పట్టుకుని, టేపు పెట్టి, కాటా మీద నిలబెట్టి చూడాల్సిందే. ఎవరు, ఎక్కడ, ఎందుకు? అసలు చరిత్ర అదే.

అర్థశాస్త్రంలో గుర్రం కొలతలు

మన దగ్గరి నుంచే మొదలుపెడదాం. సుమారు రెండు వేల ఏళ్ల నాటి కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి మీద ఒక అధ్యాయం ఉంది. రాజుగారి గుర్రాల శాఖ అధికారి అన్నమాట. ఈ గ్రంథం చాలాకాలం కనబడకుండా పోయి, మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి తాళపత్రంగా దొరికి, 1909లో అచ్చయింది.

అందులో ఉత్తమ జాతి గుర్రం కొలతలు ఇచ్చారు. ముఖం 32 అంగుళాలు. అప్పటి అంగుళం అంటే వేలి వెడల్పు, ఇప్పటి ఇంచి కాదు. పొడవు ముఖానికి అయిదు రెట్లు. ఎత్తు నాలుగు రెట్లు. చుట్టుకొలత 100 అంగుళాలు. మధ్యరకానికి, తక్కువ రకానికి ఈ కొలతలు తగ్గుతాయి. కొలతల తర్వాత దాణా లెక్క వస్తుంది: ఉత్తమ గుర్రానికి రెండు ద్రోణాల ధాన్యం, మిగతా రకాలకి అందులోంచి పావు చొప్పున కోత.

నేను ఆత్రంగా ఈ అంకెలని ఫార్ములాలో వేశాను. తప్పు. ఎత్తు 128 అంగుళాలు అంటోంది, చుట్టు 100 అంటోంది. నిజం గుర్రంలో ఛాతీ చుట్టుకొలత ఎత్తు కన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఇది బరువు లెక్క కాదు, గ్రేడింగ్. టేపు పట్టి గుర్రాన్ని ఒక తరగతిలో పెట్టు, తరగతిని బట్టి దాణా పెట్టు. బరువు అనే మాటే లేదు. కానీ ఆలోచన చూడండి: గుర్రం ఎంత తినాలో కంటిచూపుకి వదిలేయకుండా, ఒంటి కొలతకి ముడిపెట్టారు. దాణా దొంగతనం ఆపడానికి కూడా ఇంతకన్నా మంచి పద్ధతి ఏముంటుంది?

ఇక్కడి నుంచి నేరుగా కిలోల దాకా తాడు పట్టుకుని వెళ్లలేం. కొలతలోంచి బరువు లాగే లెక్క మనకి అచ్చులో కనబడేది యూరప్‌లో. అదీ గుర్రం మీద కాదు, ఎద్దు మీద.

కసాయివాడి లెక్క

పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల బ్రిటన్. లండన్ లాంటి నగరాలు పెరుగుతున్నాయి, మాంసం కావాలి. పల్లెల నుంచి పశువుల్ని నడిపించుకుంటూ సంతకి తెస్తారు. కొనేవాడు రోజూ కొంటాడు, కంటితో చూస్తే ఎంత తూగుతుందో వాడికి తెలుసు. అమ్మే రైతు ఏడాదికి రెండు మూడు ఎద్దులు అమ్ముతాడు. వాడికి తెలీదు. బేరంలో ఎవరు మోసపోతారో చెప్పనక్కర్లేదు.

సంత మధ్యలో ఎద్దుని నిలబెట్టి తూచే కాటా అప్పటికి ఎక్కడపడితే అక్కడ లేదు. అమెరికాలోని వర్మాంట్‌లో థాడియస్ ఫెయిర్‌బ్యాంక్స్ ప్లాట్‌ఫాం కాటాకి పేటెంట్ తీసుకున్నది 1831లో. అలాంటి కాటాలు పల్లెల దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఈలోపు రైతు చేతికి వచ్చిన ఆయుధం టేపు, దానితోపాటు జేబులో పెట్టుకునే పట్టికల పుస్తకం.

ఆ పుస్తకాల్లో సూత్రం ఇలా ఉండేది: చుట్టుకొలతని అడుగుల్లో కొలిచి వర్గం చెయ్యి. పొడవుని అయిదుతో గుణించు. రెండింటినీ గుణించి 21తో భాగించు. జవాబు స్టోన్లలో వస్తుంది. ఒక స్టోన్ అంటే 14 పౌండ్లు.

ఏడు అడుగుల చుట్టు, అయిదు అడుగుల పొడవు ఉన్న ఎద్దుని తీసుకోండి. 49 ఇంటూ 25 అంటే 1,225. 21తో భాగిస్తే 58 స్టోన్లు. అంటే సుమారు 370 కిలోలు.

ఇప్పుడు అదే ఎద్దుకి మన దేశంలో వెటర్నరీ కాలేజీల్లో చెప్పే షెఫర్ సూత్రం వేద్దాం. ఇంచిల్లో చుట్టు వర్గం ఇంటూ పొడవు, బై 300, జవాబు పౌండ్లలో. 84 ఇంటూ 84 ఇంటూ 60, బై 300. 1,411 పౌండ్లు. అంటే 640 కిలోలు!

ఒకే ఎద్దు. ఒకే టేపు. ఒక లెక్కలో 370, ఇంకో లెక్కలో 640. ఎవరు తప్పు?

ఎవరూ తప్పు కాదు. బ్రిటన్ రైతు అడిగింది ఎద్దు బరువు కాదు. చర్మం, తల, కాళ్లు, పేగులు తీసేశాక మిగిలే నాలుగు భాగాల మాంసం బరువు. 640లో 370 అంటే 58 శాతం. షెఫర్ సూత్రం అడిగేది ప్రాణంతో నిలబడ్డ పశువు బరువు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎపిసోడ్ మొత్తానికి గుండెకాయ ఇదే. ఫార్ములా ఆకారం రెండింట్లో ఒకటే: చుట్టు, చుట్టు, పొడవు. మారింది ఆ స్థిరాంకం మాత్రమే. ఆ స్థిరాంకంలో అడిగినవాడి అవసరం దాక్కుని ఉంది. కసాయివాడి అంకె వేరు, డాక్టర్ అంకె వేరు.

ఎద్దుని కొలిచిన ఖగోళ శాస్త్రవేత్త

ఇప్పుడు బెల్జియం వెళ్దాం. అడాల్ఫ్ కెట్లే. పుట్టింది 1796లో గెంట్ ఊళ్లో. వృత్తి ఖగోళ శాస్త్రం, బ్రస్సెల్స్ అబ్జర్వేటరీ పెట్టించినవాడు. నక్షత్రాల కొలతల్లో వచ్చే పొరపాట్లని సగటు తీసి సరిచేసే పద్ధతి ఉంది కదా, దాన్ని మనుషుల మీద ప్రయోగించాడు. 1835లో ఒక పుస్తకం రాసి, 'సగటు మనిషి' అనే ఆలోచనని లోకం మీదికి వదిలాడు. ఎత్తు వర్గానికి తగ్గట్టు బరువు పెరుగుతుందని చెప్పింది కూడా ఆయనే. అవును, మీ ఫోన్‌లో బీఎంఐ. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. అంతకుముందు దాని పేరు కెట్లే సూచిక.

ఇదే కెట్లే పేరు మీద పశువులకీ ఒక సూత్రం ఉంది. మీటర్లలో చుట్టు వర్గం ఇంటూ పొడవు ఇంటూ 87.5. ఈ 87.5 ఎక్కడిది? పెన్నూ కాగితం తీసుకోండి. వెయ్యిని నాలుగు పైతో భాగిస్తే 79.6. అది మన నీళ్ల డ్రమ్ము. దానికి పదో వంతు కలపండి, తలకీ కాళ్లకీ. 87.5. అంతే! ఈ కథలో తన పుట్టుక దాచుకోని స్థిరాంకం ఇదొక్కటే.

కొలతల్నిబట్టి పశువు బరువు కట్టే ఈ విద్యకి ఫ్రెంచివాళ్లు బారిమెట్రీ అని పేరు కూడా పెట్టుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జూల్ క్రెవా అనే ఫ్రెంచి వ్యవసాయవేత్త ఇంకా తేలిక చేశాడు. పెద్ద పశువు చుట్టూ ఎక్కువే, పొడవూ ఎక్కువే. రెండూ కలిసే పెరుగుతాయి. మరి పొడవు కొలవడం ఎందుకు? చుట్టుకొలతని మూడుసార్లు గుణించి, 80తో గుణిస్తే చాలు అన్నాడు. ఆయనకి కావాల్సింది మాంసం ధర కాదు. పశువుకి రోజూ ఎంత మేత పెట్టాలన్నది.

ఇప్పుడు బజార్లో దొరికే, కిలోలే అచ్చు వేసిన వెయిట్ టేపులు ఈ ఆలోచన పిల్లలే. ఒక్కసారి ఛాతీ చుట్టూ తిప్పితే బరువు చదువుకోవచ్చు. చిక్కేంటంటే, పొడవాటి గుర్రానికీ పొట్టి గుర్రానికీ చుట్టు ఒకటే ఉంటే రెండింటికీ ఒకటే బరువు చెబుతుంది.

గుర్రం వంతు, మందు వంతు

సంత, మేత, ఆ తర్వాత మందు. ఇరవయ్యో శతాబ్దంలో ట్రాక్టరు, ట్రక్కు వచ్చి యూరప్, అమెరికాల్లో గుర్రాన్ని పని నుంచి తప్పించాయి. కానీ అదే శతాబ్దంలో కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్కగట్టి ఇచ్చే మందులు వచ్చాయి. దాంతో గుర్రం బరువు కొత్తగా అవసరమైంది.

ఐవర్మెక్టిన్ సంగతే చూడండి. 1980ల మొదట్లో గుర్రాల నులిపురుగులకి వచ్చిన మందు. దీన్ని కనిపెట్టినందుకు సతోషి ఓమురా, విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ అందుకున్నారు. గుర్రానికి మోతాదు కిలోకి 0.2 మిల్లీగ్రాములు. ఇది పేస్టుగా, సిరంజి లాంటి గొట్టంలో వస్తుంది. గొట్టం పుల్ల మీద గీతలు ఉంటాయి. ఆ గీతలు గ్రాములు కాదు, గుర్రం బరువు! మీ గుర్రం ఎన్ని కిలోలో ఆ గీత దగ్గర రింగు పెట్టి నొక్కాలి. అంటే బరువు తెలియకపోతే మందు చేతిలో ఉన్నా వాడటం రానట్టే.

తక్కువ బరువు అనుకుని తక్కువ వేశారనుకోండి. పురుగులు పూర్తిగా చావవు. తట్టుకున్నవి మిగిలి, వాటి పిల్లలకి ఆ తట్టుకునే గుణం వెళ్తుంది. కొన్నాళ్లకి మందే పనిచేయదు. ఎక్కువ వేస్తే ఏమవుతుందో రాణి కథలో చూశాం. అన్ని మందులూ ఒకేలా ఉండవు, కొన్నింటికి పొరపాటుని ఓర్చుకునే గుణం ఎక్కువ, కొన్నింటికి చాలా తక్కువ.

అందుకే శాస్త్రవేత్తలు నిజం గుర్రాల మీదికి టేపు తీసుకెళ్లారు. 1969లో కెనడా నుంచి మిల్నర్, హ్యూవిట్ చుట్టు, పొడవులతో మెరుగైన అంచనా ప్రచురించారు. 1988లో ఆస్ట్రేలియాలో క్యారల్, హంటింగ్టన్ అనే ఇద్దరు వందల గుర్రాలని తూచి, కొలిచి, ఏ అంకెతో భాగిస్తే కాటాకి దగ్గరగా వస్తుందో తేల్చారు. ఆ అంకే మన 11,877. మా ఊరి డాక్టర్ ఫోన్‌లో కొట్టింది అదే.

మొదటి రెండు ప్రశ్నలకి జవాబు దొరికింది. ఎవరు పెట్టారు? ఏ డేటా చూసి? ఆస్ట్రేలియా గుర్రాలు చూసి. ఇక మూడోది: ఎక్కడ పనిచేయదు?

అందరికీ ఒకే అంకె కాదు

ఇంచీలు, పౌండ్లలో వాడే ఫార్ములాలో పెద్ద గుర్రానికి భాగించే అంకె 330. ఏడాది పిల్లకి 301. పాలు మాన్పించిన పిల్లకి 280. పోనీ, అంటే పొట్టి జాతి గుర్రానికి 299. పిల్ల గుర్రం అంటే పెద్ద గుర్రాన్ని జూమ్ అవుట్ చేసిన బొమ్మ కాదు. దాని కాళ్లు పొడుగు, ఛాతీ సన్నం. డ్రమ్ము బయట ఉన్న భాగం ఎక్కువ. అందుకే అంకె మారుతుంది.

2014లో అమెరికాలోని మిన్నెసోటాలో 629 పెద్ద గుర్రాలని కొలిచి, చుట్టు, పొడవుతోపాటు ఎత్తు, మెడ చుట్టుకొలత కూడా లెక్కలో కలిపారు. అప్పుడు కూడా అరబ్బీ గుర్రాలకి ఒక అంకె, పోనీలకి ఒకటి, బరువైన స్టాక్ హార్స్‌లకి ఇంకోటి వచ్చింది.

ఇక గాడిద. బట్టల మూటలు, ఇటుకలు, ఇసుక మోసేది. 1996లో పియర్సన్, ఔసాత్ అనే పరిశోధకులు మొరాకోలో పని చేసే గాడిదలని కొలిచి, వాటికి వేరే సూత్రం ఇచ్చారు. ఎందుకు వేరే? బ్రిటన్‌లో ఆశ్రయంలో తిని కూర్చునే గాడిద వేరు, మొరాకో సంతలో బస్తాలు మోసే గాడిద వేరు. ఒంటి తీరే వేరు. కష్టపడే జంతువుకి సుఖపడే జంతువు అంకె పెడితే లెక్క తప్పుతుంది.

ఈ మాట చెప్పాక మళ్లీ కెట్లే దగ్గరికి రాకుండా ఉండలేను. ఆయన సగటు మనిషి యూరప్ మనిషి. బీఎంఐ 25 దాటితే బరువు ఎక్కువ అని లోకమంతా వాడింది. కానీ మన ఒంట్లో అదే బీఎంఐ దగ్గర కొవ్వు ఎక్కువ, షుగర్ ముప్పు ముందే మొదలవుతుంది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఆసియా వాళ్లు 23 దగ్గరే జాగ్రత్త పడాలని చెప్పింది. ఫార్ములా అదే, గీత ఎక్కడ గీయాలన్నదే మారింది. గుర్రానికి జరిగిందే మనకీ జరిగింది. మీ యాప్ 24 చూపించి పచ్చరంగు వేస్తే, ఆ పచ్చరంగు ఎవరి ఒళ్లు చూసి వేశారో ఒకసారి అడగండి.

టేపు ఎలా పట్టాలి

గుర్రం, గాడిద ఉన్న ఇళ్ల నుంచి కూడా ఈ ఛానల్ చూసేవాళ్లు ఉన్నారు. కాబట్టి పని కూడా చెప్పేస్తాను.

గుర్రాన్ని చదునైన నేల మీద, నాలుగు కాళ్లూ సమంగా పెట్టి నిలబెట్టండి. టేపుని మూపు వెనక నుంచి కిందికి, ముందుకాలి మోచేయి వెనకగా, జీను పట్టీ బిగించే చోట తిప్పండి. ఊపిరి వదిలినప్పుడు చదవండి. వదులుగా వద్దు, బిగించొద్దు. పొడవుకి, భుజం ముందు ఎముక కొస నుంచి పిర్ర వెనక ఎముక కొస దాకా. ఒక్కరి వల్ల కాదు, ఇద్దరు ఉండాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

చుట్టుకొలత దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. అది వర్గం అవుతుంది కాబట్టి అక్కడ పొరపాటు రెట్టింపు అవుతుంది. రాణికి 148 బదులు 152 చదివి ఉంటే 240 కాస్తా 253 అయ్యేది. నాలుగు సెంటీమీటర్లకి పదమూడు కిలోలు.

ఇంకోటి, టైలర్ టేపు 150 సెంటీమీటర్లే ఉంటుంది. రాణి పొట్టిది కాబట్టి సరిపోయింది. పెద్ద గుర్రమైతే తాడు తిప్పి, ఆ తాడుని నేల మీద పరిచి కొలవండి. టేపుకి ఒకవైపు ఇంచీలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఒకవైపు చదివి ఇంకోవైపు అంకెతో భాగించొద్దు. చూలుతో ఉన్న గుర్రానికి, పిల్లలకి ఈ లెక్క నమ్మొద్దు. వచ్చిన బరువు డాక్టర్‌కి చెప్పడానికి, మీరే మందు వేసేయడానికి కాదు.

ధర్మకాంటా మీద రాణి

రాణి పూర్తిగా కోలుకున్న రెండు నెలలకి నేను మళ్లీ ఊరెళ్లాను. నాలో ఇంజనీర్ ఊరుకోడు కదా. మామని ఒప్పించి, రాణిని రైస్ మిల్లు పక్కనున్న ధర్మకాంటాకి నడిపించుకెళ్లాం. లారీలు ఆగి మరీ చూశాయి. ఆ కాంటా అతను నవ్వుతూనే సున్నా చేసి, మామని దూరంగా నిలబెట్టి, బటన్ నొక్కాడు.

255 కిలోలు.

అదే రోజు టేపు పట్టాను. చుట్టు 149, పొడవు 130. 11,877 లెక్కలో 243. క్రెవా లెక్కలో 265. కెట్లే 87.5 లెక్కలో 252 పైచిలుకు. దగ్గరగా వచ్చింది ఎద్దుల కోసం వాడిన ఆ పాత డ్రమ్ము లెక్క! అది గెలిచిందని కాదు, ఇది ఒక్క గుర్రమే. ధర్మకాంటా కూడా అయిదు కిలోల మెట్లలోనే చూపిస్తుంది. పైగా రాణి పొట్టి జాతి, దానికి పెద్ద గుర్రాల అంకె కాస్త తక్కువ చెప్పడంలో వింత లేదు.

కానీ అన్నింటినీ వరసగా పెట్టి చూడండి. 243, 252, 265. కాటా 255. మామ కన్ను చెప్పింది 400. అన్నింటికన్నా తేడాగా ఉన్న టేపు లెక్క కూడా పన్నెండు కిలోలే తప్పింది. కన్ను నూట నలభై అయిదు తప్పింది. మామ ఆ గుర్రాన్ని ఆరేళ్లుగా రోజూ చూస్తున్నాడు, రోజూ తోముతున్నాడు. ప్రేమ ఉన్నంత మాత్రాన కొలత రాదు.

ఇప్పుడు మా మామ ఇంట్లో, రాణి కట్టేసే చోట గోడ మీద బొగ్గుతో మూడు అంకెలు రాసి ఉంటాయి. చుట్టు, పొడవు, బరువు. నెలకోసారి అత్త టేపు తీసుకొస్తుంది, మామ గుర్రాన్ని పట్టుకుంటాడు, వాళ్ల అమ్మాయి ఫోన్‌లో లెక్క కొడుతుంది. ఈమధ్య మందు కోసం ఫోన్ చేస్తే అవతల మళ్లీ అదే ప్రశ్న వచ్చిందట, "బరువెంత ఉంటది?"

మామ గోడ వైపు చూసి చెప్పాడట, "ఉంటది కాదు సార్, ఉన్నది. రెండొందల యాభై రెండు."

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.